ప్లగ్గు ఉంది, పానా లేదు

కరోనా ఆంక్షలు పోయిన మరుసటి ఏడాది, జూన్ నెల. వేట నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా బారువలోని నా షెడ్డు నిండా పడవ ఇంజన్లే. పలాసలో మోటారు సైకిళ్ళు బాగుచేయడం నేర్చుకున్న నేను అవుట్‌బోర్డ్ ఇంజన్ల పనిలోకి వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. అవుట్‌బోర్డ్ అంటే పడవ వెనుక అంచుకు బయటివైపు బిగించే చిన్న ఇంజన్. మా తీరంలో ఫైబర్ పడవలు చాలావరకు దానితోనే నడుస్తాయి.

వలల సంగతి మత్స్యకారులకు నేను చెప్పక్కర్లేదు. వలలు కాక పడవలో ఇంకేం ఉండాలో మాత్రం ఇంజన్ అప్పగించేటప్పుడు తప్పకుండా చెప్పేవాణ్ణి. తాగే నీళ్ళు, లైఫ్ జాకెట్లు, టార్చిలైటు, ఎండావానలకు కప్పుకునే బరకం, టూల్ కిట్. ఈ టూల్ కిట్ చిన్న సంచీ. అందులో అదనపు స్పార్క్ ప్లగ్గు, దాన్ని విప్పే పానా, పట్టకారు ఉంటాయి. కిరోసిన్ ఇంజన్లలో ప్లగ్గుకు త్వరగా మసి పడుతుంది. అప్పుడు నిప్పురవ్వ రాదు, ఇంజన్ ఆగిపోతుంది. కొత్త ప్లగ్గు వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ నడుస్తుంది.

ఈ జాబితా వినగానే నవ్వేవాళ్ళలో దాలయ్య మొదటివాడు.

“ఇయ్యన్నీ ఎక్కిత్తే సేపలెక్కడ ఎయ్యాల, బావా?”

పక్కనే ఉన్న అతని భార్య నీలమ్మ ఊరుకోలేదు. “నీల్ల డబ్బాలు రెండు నానే ఎడతాను అన్నియ్యా. బరకం కూడా పట్టుకెల్లమని సెప్పు.”

నేను అతని సంచీలో కొత్త ప్లగ్గు వేసి, మూతి ముడివేసి దాలయ్య చేతికిచ్చాను.

నిషేధం ముగిసిన మూడో రోజు దాలయ్య, అతని తమ్ముళ్ళిద్దరూ తెల్లవారుజామున వేటకు వెళ్ళారు. మధ్యాహ్నానికి పడవలన్నీ తిరిగొచ్చాయి, వాళ్ళది తప్ప. ఫోను మోగడం లేదు. మూడు గంటలప్పుడు నీలమ్మ నా షెడ్డుకు వచ్చింది.

“మీ బావ ఇంకా రానేదు అన్నియ్యా. ఇంజన్లో ఏటైనా లోపముండిపోయిందా?”

“ఇంజన్ బాగుందమ్మా. ఒకేల ఆగినా సంచీలో ప్లగ్గుంది, మార్సుకుంటారు,” అన్నాను ధీమాగా.

ఆమె వెళ్ళాక బల్ల మీద గ్రీజు గుడ్డ పక్కకు లాగాను. దాని కింద ఎర్రదారం చుట్టిన పానా ఉంది. అది దాలయ్యది. గుర్తు కోసం తనే దారం చుట్టుకున్నాడు. సంచీ ఇంకా షెడ్డులో ఉన్నప్పుడు, పని హడావిడిలో నా పానా కనబడక, అతని సంచీలోది తీసి వేరే ఇంజన్ విప్పాను. తిరిగి పెట్టలేదు.

తీరానికి పరుగెత్తాను. వెతకడానికి రెండు పడవలు సిద్ధమవుతున్నాయి. దాలయ్య వాళ్ళు రోజూ వేటాడే చోటుకు, తిన్నగా తూర్పుకే వెళ్దామని పెద్దలు అనుకుంటున్నారు. అందరి ముందూ, నీలమ్మ ముందూ నిజం చెప్పాను. “ఇంజన్ ఆగుంటే ఆళ్ళు మళ్ళీ నడపలేరు. పానా నా దగ్గరుండిపోయింది. గాలి ఎటు తోస్తే అటే పోతారు.”

నీలమ్మ ముఖం తిప్పుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఒక పెద్దాయన ఇసుక తీసి గాల్లోకి వదిలి చూశాడు. “దచ్చినపు గాలి. ఉత్తరాన ఉన్న డొంకూరోల్లకి పోను సెయ్యండి. మన పడవలూ అటే పోవాల.”

మర్నాడు పొద్దున్నే డొంకూరు పడవలు వాళ్ళను చూసి తమ ఒడ్డుకు తీసుకొచ్చాయి. మేం వెళ్ళేసరికి ముగ్గురూ ఒడ్డున కూర్చుని టీ తాగుతున్నారు. పెదవులు పగిలి ఉన్నాయి. పానా లేక, మసి పట్టిన ప్లగ్గును పట్టకారుతో తిప్పబోతే దాని పింగాణీ విరిగిపోయిందట. అప్పుడు దాలయ్య చిన్నప్పుడు తండ్రి తెరచాప కట్టిన తీరు గుర్తు తెచ్చుకుని, బరకాన్ని తెడ్డుకు కట్టి పడవను కొద్దికొద్దిగా ఒడ్డు వైపు మళ్ళించాడు.

నేను అతని ముందు గొంతుక్కూర్చున్నాను. “తప్పు నాది బావా. పానా నేనే తీసుకుని మర్సిపోయాను.”

దాలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. “తమ్ముడేడిత్తంటే సూడనేకపోయాను,” అన్నాడు. మళ్ళీ తనే, “సంచీ ఇప్పి సూసుకోనిది నాను కాదేటి? అదున్నా ఎటు తిప్పాలో నాకు తెల్దు. ముందది నేర్పు.”

నేర్పాను. ఇప్పుడు ఇంజన్ అప్పగించేముందు సంచీలోవన్నీ బల్ల మీద పరిచి, యజమాని చేతే ప్లగ్గు విప్పించి, మళ్ళీ బిగించమంటాను. కొందరు విసుక్కుంటారు. వస్తువు పడవలో ఉంటే చాలదు, దాన్ని వాడే చెయ్యి కూడా పడవలో ఉండాలని వాళ్ళకు చెబుతాను.

నాకు నేను చెప్పుకునేది ఇంకొకటుంది. మా పనిలో తప్పు దాచుకోవడం తేలిక. సముద్రం మీద ఇంజన్ ఎందుకాగిందో ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం నేను నోరు మెదపకపోతే, పడవలు రెండూ తూర్పుకే వెళ్ళేవి.