తొమ్మిదో భాగంలోని గది

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదానికి నన్ను తిట్టుకోవడం మీకు తేలిక. అసలు ఆ కోపంలోనే నేను రచయిత్రినయ్యాను. డెబ్బైల తొలి ఏళ్లలో, పెళ్లయిన కొత్తలో, ఒక వారపత్రికకు కథ పంపితే "ఆడవారి మనసు చక్కగా పట్టారు, ఇలాంటివే రాయండి" అని జవాబొచ్చింది. ఒళ్లు మండిపోయింది. ఆడదాన్నయితే వంటింటి గురించే రాయాలా? ఒక మగపేరు పెట్టుకుని, వేల ఏళ్లనాటి సమాధుల్లోకి దిగే సైంటిస్టు కథ మొదలుపెట్టాను. అతని చేతిలో రేడియేషన్ కొలిచే యంత్రం, ఎదురుగా ఎవరూ చదవలేని లిపి, వెనక తరుముకొచ్చే దుర్మార్గులు. అదే పత్రిక కళ్లకద్దుకుని సీరియల్‌గా వేసుకుంది.

అప్పుడు మేం సిటీ బయట కొత్తగూడలో కిరాయికుండేవాళ్లం. మాది కృష్ణా జిల్లా. నేను కొత్తగూడ బడిలో టీచర్ని, మా ఆయన హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్లో గుమాస్తా. ఆయన రోజూ సైకిల్ మీద వెళ్లొచ్చేవారు. కొత్తగూడ అంటే అప్పట్లో కొన్ని ఇళ్లు, ఒక చాయ్ హోటలు, చుట్టూ బండలు. ఇప్పుడు ఫ్లైఓవరు మీద వెళుతూ "మా పెరడు ఇక్కడే ఉండేది" అంటే ఎవరూ తలతిప్పి కూడా చూడరు. నానక్‌రామ్‌గూడ వైపు బాటలో నడుస్తుంటే, రాళ్లు గుండ్రంగా పాతిన చోట్లు కనిపించేవి. కొన్నింటి నడుమ రెండు మూడు నిలువు రాళ్లు, వాటి మీద ఇంటి పైకప్పంత పలక. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు. రాకాసి గుళ్లు అనేవారు. నా సీరియల్ అక్కడే పుట్టింది.

రాయి గురించి నాకు తెలిసిందంతా ఒక మేస్త్రి చెప్పిందే. ఆ బాట పక్కన గుడిసె వేసుకుని, తమ్ముడితో కలిసి బండలు చీల్చి రోళ్లు, కంచెలకు పాతే కడీలు చేసేవాడు. రోలు కోసం వెళ్లి, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను. ఆయన ఏ బండ మీదా నేరుగా ఉలి పెట్టడు. ముందు సుత్తెతో చిన్నగా కొట్టి, వంగి చెవి పెడతాడు. వాళ్లింట్లో అది కట్టుబాటు. ఇంటి పెద్ద చెవి పెట్టాకే మిగతావాళ్లు పనిముట్టు ముట్టుకోవాలి.

"ఖంగుమన్నదనుకో పంతులమ్మా, రాయి గట్టిది. దబ్బుమన్నదంటే లోపట పగులున్నట్టు. దాని కింద మా అయ్య కూసోలే, మమ్ముల కూసోనియ్యలే," అన్నాడు.

అతని తమ్ముడికి పాతికేళ్లుంటాయి. ఆదివారాలు నేను నడిపే వయోజన తరగతిలో అక్షరాలు దిద్దాడు. ఏడాది తిరిగేసరికి నా సీరియల్ వచ్చే వారపత్రికను చాయ్ హోటల్లో నిలబడి పదిమందికి బిగ్గరగా చదివి వినిపించే స్థాయికొచ్చాడు. రాసింది నేనని మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. నేను పాలకని వెళ్లినట్టు వెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేదాన్ని. నేను నేర్పిన అక్షరాలతో నేను రాసిన మాటలు అతను చదువుతుంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, అది వేరే మాట.

ఎనిమిదో భాగం అచ్చయ్యాక ఎడిటరు ఉత్తరం రాశాడు, ఉత్కంఠ తగ్గుతోందని. మళ్లీ ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక్క ఊపున తొమ్మిదో భాగం రాసేశాను. సైంటిస్టు రాకాసి గుళ్లలో ఒక్కో పలకనీ సుత్తెతో కొట్టుకుంటూ వస్తాడు. అన్నీ ఖంగుమంటాయి. ఒక్కటి మాత్రం దబ్బుమంటుంది. "దీని కింద బోలు ఉంది, గది ఉంది" అంటాడు. భూమ్మీద ఎక్కడా దొరకని లోహమొకటి ఆ గదిలో వేల ఏళ్లుగా వెలుగుతూ ఉంటుంది. అతను ఆ పలక కిందికి పాక్కుంటూ దూరడంతో ఆ వారం కథ ఆగుతుంది.

పోస్టు చేసే ముందు మా ఆయన చదివారు. "ఏమోయ్, మేస్త్రి చెప్పింది దీనికి తలకిందులు కదా?" అన్నారు.

"పగుళ్ల గురించి రాస్తే ఎవరు చదువుతారండీ? గది ఉండాలి," అన్నాను.

"పైగా మన నానక్‌రామ్‌గూడ బాట మీది జంట బండలు, ఎడమవైపు దారి, గుర్తులన్నీ ఉన్నవున్నట్టు రాసేశావు."

"గుర్తులు నిజంగా ఉంటేనే జనం నమ్ముతారు."

"నమ్ముతారనే నా భయం," అని ఆయన సైకిలెక్కారు. ఆయన ప్రతిదానికీ భయపడతారులే అని నేను కవరు అంటించాను.

ఆ భాగం అచ్చయిన వారంలోనే వచ్చింది ఆ ఆదివారం. ఎండాకాలం. తరగతికి అందరూ వచ్చారు, మేస్త్రి తమ్ముడు రాలేదు. పది దాటాక మేస్త్రి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. మనిషి పరేషాన్‌లో ఉన్నాడు.

"మా తమ్ముడు ఇటు రాలేదా పంతులమ్మా? గడ్డపార, సమ్మెట ఎత్తుకపోయిండు. నిన్న ఒక పలకను కొట్టి వచ్చిండంట, దబ్బుమన్నదంట. పగులురా, పోకు అని చెప్పిన. నీకు చదువు రాదు, సైంటిస్టు కంటె నీకెక్కువ తెలుసునా అని నా మీదికే లేచిండు."

పిల్లప్పటినుంచీ రాయి చప్పుడు వింటూ పెరిగినవాడు. ఆ పలక సంగతి వాడి చెవికి తెలుసు. చెవి చెప్పింది పక్కనపెట్టి పుస్తకం చెప్పింది పట్టుకున్నాడు. "జంట బండల దగ్గరికి పోయుంటాడు," అన్నాను. నాకెలా తెలుసని మేస్త్రి అడగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నేను ఆయన వెంట పరుగెత్తాను.

ఎండకు నేల నిప్పులా ఉంది. జంట బండలు దాటి ఎడమకు తిరిగేసరికి కనిపించింది. నిలువు రాళ్ల మీద ఒరిగిన పెద్ద పలక. ఎడమవైపు రాయి అడుగున మట్టి తవ్వేసి ఉంది. ఆ సందులోంచి రెండు పాదాలు బయటికున్నాయి, మిగతా మనిషంతా లోపల. గడ్డపారతో తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మేస్త్రి నా చెయ్యి పట్టి ఆపాడు. తను నెమ్మదిగా వెళ్లి పలక మీద అరచెయ్యి ఆనించి, చెవి పెట్టాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. పలక అంచునుంచి సన్నగా రాతి నూక రాలుతోంది.

"ఇది దిగుతున్నది," అన్నాడు గుసగుసగా. "ఎడమ రాయికి భుజం తాకిందంటే అయిపాయె. గుంజితే గూడ తాకుతది. వాడంతట వాడే రావాలె. నేను చెప్తే ఇనడు, నువ్వు చెప్పు. జర మెల్లగ."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఒరేయ్, నేను పంతులమ్మని. తవ్వడం ఆపు. బయటికి రా. అక్కడేం లేదు."

చప్పుడు ఆగింది. "ఉన్నది పంతులమ్మా. తొమ్మిదో భాగంల రాసిన్రు. మీరు చదవలేదా?"

"చదవడమేమిట్రా, రాసింది నేనే. గది లేదు. నా నోటికొచ్చింది రాశాను."

లోపలినుంచి నవ్వు వినిపించింది. "అది రాసినాయన మొగాయన. పేరు నేను చదివిన కదా. నన్ను బయటికి తీసెతందుకు మీరు అబద్ధమాడుతున్నరు." మళ్లీ గడ్డపార చప్పుడు మొదలైంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

చచ్చేంత భయం వేసింది నాకు. రాసేది నేనని మొదటిసారి బయటివాళ్లకు చెప్పుకున్నాను, అదీ చెల్లలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, "పదో భాగం తెలుసా నీకు?" అన్నాను.

చప్పుడు ఆగింది. "ఇంకా రాలే కదా."

"నాకు తెలుసు. విను. సైంటిస్టు లోపలికి దూరాడా, యంత్రం టకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. అప్పుడు అర్థమైంది అతనికి, గది ఇక్కడ కాదని. ఇది తప్పుదారి. కావాలని పెట్టిన ఉచ్చు."

"ఎవరు పెట్టిన్రు?"

"పాతకాలపు వాళ్లే. ఎడమ రాయి తాకితే పైది పడేట్టు పెట్టారు. అందుకని అతనేం చేశాడో తెలుసా? ఊపిరి బిగబట్టాడు. కుడిపక్కకి ఒత్తిగిల్లాడు. మోచేతుల మీద జానెడు జానెడు వెనక్కి జరిగాడు."

పాదాలు కదిలాయి. మేస్త్రి పలక మీంచి చెయ్యి తియ్యకుండా నాకు తలూపాడు. నేను చెబుతూనే ఉన్నాను. ఏం చెప్పానో సగం గుర్తులేదు. మోకాళ్లు బయటికొచ్చాయి. నడుం దగ్గర ఆగి, "మరి అసలు గది ఏడున్నది?" అని అడిగాడు. "బయటికొస్తేనే అతనికి కనిపించింది," అన్నాను. వీపు వచ్చింది. తల వచ్చింది. జుట్టునిండా మట్టి, కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి. మేస్త్రి నోట్లోంచి ఒక మూలుగులాంటిది వచ్చింది.

అప్పుడు అతను చటుక్కున వంగి గడ్డపార కోసం సందులోకి చెయ్యి పెట్టాడు. పనివాడు పనిముట్టును వదిలిపెట్టి రాడు. నా కథలో సైంటిస్టుకు గడ్డపార లేదు. అందుకే వదిలేసి రమ్మని చెప్పాలని నాకు తట్టలేదు.

పలక దిగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

వేళ్లు నలిగిన చేతిని ఎలాగో బయటికి లాగి, రాళ్ల కోసం వచ్చిన లారీలో సిటీ దవాఖానకు తీసుకెళ్లాం. ప్రాణానికి ముప్పు లేదన్నారు. కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. స్పృహ తప్పిన తమ్ముడి పక్కన కూర్చుని దారంతా మేస్త్రితో చెబుతూనే ఉన్నాను, తప్పు నాదని, ఆయన చెప్పింది తలకిందులు చేసి నేనే రాశానని. ఆయన విన్నాడు. "నీకు తెల్వక రాస్తే ఏరే ముచ్చట. తెలిసి గిట్ల రాసినవా?" అన్నాడు. ఆ తర్వాత నాతో రాయి గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

నాలుగు రోజుల తర్వాత చూడటానికి వెళ్లాను. పక్క మంచం మనిషి కొత్త వారపత్రిక పట్టుకుని పేజీలు తిప్పుతుంటే, తమ్ముడు పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. పదో భాగం. నేను ఎప్పుడో పోస్టు చేసేసిన అసలు పదో భాగం అది. అందులో సైంటిస్టు వెనక్కి రాడు. ఇంకో రెండు గజాలు ముందుకు పాకుతాడు, గది తలుపు తెరుచుకుంటుంది, ఆ లోహం వెలుగు ముఖం మీద పడుతుంది.

"మీరు తప్పు చెప్పిన్రు పంతులమ్మా," అన్నాడు నన్ను చూసి. కోపంగా కాదు, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఆయన ఎన్కకు రాలేదు. ఇంకో రెండు గజాలంట. నేనే తొందరపడి వచ్చిన. ఫికర్ లేదు, చెయ్యి మానినంక మళ్ల పోత."

సంచిలోంచి పదకొండో భాగం రాతప్రతి తీశాను. కొట్టివేతలతో, సిరా మరకలతో, నా దస్తూరీలో ఉంది. బడి పలక మీద ఏడాది పాటు ఆ దస్తూరీ చూసే అతను అక్షరాలు దిద్దుకున్నాడు. కాగితాలు అతని ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఒకచోట సైంటిస్టు పేరు కొట్టేసి నేను మళ్లీ రాసుకున్నదాని మీద ఎడమచేతి వేలు పెట్టి ఆగాడు.

"మీరేనా?" అన్నాడు.

"నేనే."

"అయితే ఆ గది లేదా?"

"లేదు నాయనా."

అంతకుముందు కట్టు మార్చేటప్పుడు గానీ, వేళ్లు లేవని చెప్పినప్పుడు గానీ అతను ఏడవలేదని నర్సు చెప్పింది. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు.

"ఉన్నదనుకున్న," అన్నాడు.

నేను ఆ మంచం పక్కనే కూర్చుండిపోయాను.