మంచుకొండకు రెండు మంచాలు

మా ఫ్లాట్‌లో నా సబ్బును నాతో పాటు ఇంకెవరో వాడుతున్నారు. ఎవరో తెలియదు. ఆరుగురం ఉంటాం, ఆరుగురమూ మంచివాళ్లమే; అడిగితే ఆరుగురమూ ఆ మాటే చెప్తాం. రోజుకు ఒక్కసారి స్నానం చేసే మనిషి సబ్బు వారం తిరక్కుండానే సుద్దముక్కంత ఎందుకవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. కువైట్‌లోని ఈ రిగ్గైలో మాలాంటివాళ్లకు అద్దెకు దొరికేది మంచం ఒక్కటే. దాని చుట్టూ ఉన్న గది, ఏసీ గాలి, వంటిల్లు, ఇప్పుడు సబ్బు, అన్నీ ఉమ్మడి ఆస్తి. పదకొండేళ్లుగా నేను ఈ దేశంలో ఒక కింది మంచానికి యజమానిని.

నా భార్య సల్వాలో ఉంటుంది. కారున్నవాళ్లకు అది దూరం కాదు. ఒక కువైటీ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. రాత్రిళ్లు చిన్నపాప మంచం పక్కన కింద పరుపు వేసుకుని పడుకుంటుంది. వారం విడిచి వారం, శుక్రవారం సాయంత్రం ఆమెకు సెలవు. అక్కడి జమియా సూపర్‌మార్కెట్ వెనక బెంచీ మీద కలుసుకుంటాం. మాకు పిల్లల్లేరు. బెంచీ మీద కూర్చుంటే పిల్లలు పుట్టరని డిగ్రీలో మా జువాలజీ లెక్చరర్ నేరుగా చెప్పలేదు గానీ, ఆయన చెప్పినదాన్ని బట్టి నేనే అర్థం చేసుకున్నాను.

ఇద్దరూ కలిసి ఊరికి పోయి ఉండి రావచ్చు కదా అనేవాళ్లున్నారు. పోయాం. ఇద్దరి సెలవులూ కలిసింది ఆ ఒక్కసారే. రాయచోటి దగ్గర మా ఇంటి ముందు కారు ఆగగానే ఆమెను ఆడవాళ్లు లోపలికి తీసుకుపోయారు, నన్ను మగవాళ్లు మిద్దె మీదికి తీసుకుపోయారు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఒకరి సొత్తు కాడు. తెచ్చిన అట్టపెట్టెలతో పాటు అతన్నీ విప్పి అందరికీ పంచుతారు. ఆ నెలంతా నేను నా భార్యను చూసింది ఎక్కువగా ఎవరెవరివో పెళ్లి బంతుల్లో, ఎదురు వరసలో. ఒకసారి ఆమె ఆకులో సాంబారు నేనే వడ్డించాను. ‘చాలు’ అంది. ఆ సెలవులో మా ఇద్దరి ఏకాంత సంభాషణ అదే.

మంచు సంగతి ఆమె వల్లే మొదలైంది. ఏటా చలికాలం ఆ ఇంటివాళ్లు ఏదో ఒక దేశంలో మంచుకొండ మీద జారడానికి పోతారు. పెట్టెలు సర్దేది ఈమె. మందపాటి లోపలి బట్టలు అడుగున, గ్లౌజులు జతలు జతలుగా, పెద్ద పెద్ద కళ్లద్దాలు సాక్సుల్లో దోపి. వాన కూడా మనసు పుడితేనే కురిసే సీమలో పుట్టిన మనిషి మంచుకు కావలసినవన్నీ తడుముకోకుండా సర్దేది. వాళ్లు తిరిగి వచ్చాక ఉతికేది కూడా ఆమే.

“ఆ బట్టలు మాయనే మాయవబ్బా,” అంది ఒక శుక్రవారం. “ఆడ దుమ్మనేదే లేనట్టుండాది.”

దుమ్ము లేని చోటు ఒకటి ఉందన్న వార్త కువైట్‌లో ఉన్న మా ఇద్దరికీ బాగా నచ్చింది.

నా పై మంచంలో ఉండే హైదరాబాద్ భాయ్ ఒక ట్రావెల్ ఆఫీసులో టీ అందిస్తాడు. అందువల్ల ప్రపంచ భూగోళం ఆయనకు కంఠతా వచ్చు.

“జార్జియా పో మియా,” అన్నాడు. “ఈడ ఉండనిచ్చే ఇఖామా కార్డుంటే చాలంట, వీసా గీసా అడగరంట. ఇంత పెద్ద పహాడ్. తాళ్ల మీద డబ్బాలు పైకి పోతుంటయ్. ఈద్ వస్తే సగం కువైట్ ఆడనే ఉంటది.”

“అక్కడ ఏం చేస్తారు భాయ్?”

“పడతరు.”

నేను ఫోన్‌లో వీడియోలు చూసి, ఆ పడటానికి ముందు జరిగే కార్యక్రమాన్ని కూడా తెలుసుకున్నాను. బెంచీ మీద ఆమెకు వివరించాను: పైకి పోతారు, కిందికి జారతారు, మళ్లీ పైకి పోతారు.

“అంతేనా?”

“అంతే.”

“మా నాయన మ్యాకలు తోలుకోని దినామూ చేసిన పనే గదా అది. ఆయప్పకు ఎవురూ ఫొటో తీయలా.”

కానీ ఒప్పుకుంది. ఈద్ సెలవుల్లో నాలుగు రోజులు. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు. ఆడవాళ్లు లోపలికి, మగవాళ్లు మిద్దె మీదికి అని విడదీసేవాళ్లు ఉండరు. ఒక తలుపు, లోపల మేమిద్దరం. పెళ్లయిన ఇన్నేళ్లకు నేను కోరుకున్నది అంతే. కొండ పక్కనుంటే ఉండనీ.

ఆ చలికాలం మేం మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అంతకుముందు మా ఫోన్లు ‘తిన్న్యావా’తో మొదలై ‘ఇంకేంది’ దగ్గర ఆగేవి. ఇంకేంది అని నేను, ఇంకేముండాది అని ఆమె, కాసేపు ఇద్దరం రెండు వైపులా రెండు ఏసీల చప్పుడు వినేవాళ్లం. ఇప్పుడు మాకు గ్లౌజులున్నాయి. చెవులు కప్పే టోపీలున్నాయి. మంచు మీద చెప్పులు జారతాయా, రెండు సాక్సులు తొడిగితే బూటు పడుతుందా, అక్కడ అన్నం దొరుకుతుందా, లేకపోతే చింతపండు పులిహోర ఎన్ని పూటలకు నిలుస్తుంది. ఒకరోజు ఆమె తనే ఫోన్ చేసింది, పెదాలకు వాజిలిన్ మరిచిపోవద్దని. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు నవ్వు ముఖంతోనే ఉన్నానని భాయ్ తర్వాత ఫిర్యాదు చేశాడు.

అడ్డం వస్తే మామా దగ్గరే వస్తుందనుకున్నాం. ఇంటి యజమానురాలిని ఆమె మామా అంటుంది. ఎట్లా అడగాలో ఇద్దరం బెంచీ మీద పాఠంలా వల్లె వేశాం; కాదంటే చెప్పడానికి జవాబులు కూడా సిద్ధం చేశాం. మామా మొత్తం వినను కూడా వినలేదు. “యల్లా, పో” అని, తన పాత ఎర్ర కోటు ఒకటి తీసి ఇచ్చింది. వాదనలన్నీ కట్టగట్టుకుని పోయిన వకీలుకు ఎదుటి పక్షం హాజరు కాకపోతే ఎట్లుంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మా ఫ్లాట్‌లో వార్త పాకింది. విమానం ఎక్కే మనిషి కనిపిస్తే ఒక కేజీ పొట్లం చేతిలో పెట్టడం మావాళ్లకు ఆచారం. కడప తమ్ముడొకడు బామ్ సీసాలు, పాలపొడి తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

“నేను పోయేది ఊరికి కాదు కదప్పా.”

“తెలుసులేన్నా. ఆడ మనోళ్లెవురన్నా ఉంటే ఇయ్యి.”

హోటల్ గది నేనే పట్టాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక, నేను స్టోర్ చూసుకునే గోడౌన్‌లో, సిమెంటు బస్తాల మీద కూర్చుని ఫోన్‌లో పట్టాను. కిటికీ నిండా కొండ. శుక్రవారం ఆమెకు ఫొటో చూపించాను. ఆమె కొండను చూడలేదు.

“రెండు మంచాలుండాయే?”

చూశాను. రెండు ఒంటి మంచాలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద దీపం. ఎంతమంది అని అడిగితే ఇద్దరని కొట్టాను. మంచాలెన్ని అంటే రెండని కొట్టాను. మనిషికో మంచం, ఇన్నేళ్లుగా నేను బతికిన లెక్క అది. పైగా రెండూ కింది మంచాలే వచ్చాయని ఆ రోజు సంతోషించాను కూడా.

ఆ మాట చెప్తే ఆమె పగలబడి నవ్వింది. ట్రాలీలు తోసుకుపోతున్న మనిషి తిరిగి చూశాడు. నేనూ నవ్వాను.

“మారుస్తాలే. ఒక్క నొక్కు నొక్కితే అయిపోతాది.”

ఆమె నవ్వు ఆగింది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దులే. అట్లే ఉండనీ.”

“ఏంది ఉండనిచ్చేది? మొగుడూ పెండ్లాం పోతాండాం మేయ్.”

“పక్కన మనిషుంటే నాకు నిద్ర రాదబ్బా. పాప గూడా మంచం మీదుంటాది, నేను కిందుంటా. దాని ఊపిరి ఇనపడితే సాలు, నిద్ర పట్టేస్తాది.”

“నాక్కూడా ఊపిరుంది. బాగా గట్టిగానే ఇనపడతాది. కావాలంటే గదిలో ఐదుగురు సాక్షులుండారు.”

ఇంకో రోజైతే నవ్వేది. చేతిసంచి పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

“మామాకు చెప్పేసినా,” అంది. “పోనని.”

“ఎప్పుడు?”

“మొన్న. ఖలాస్, నీ ఇష్టం అనింది.”

జనం పెద్ద పెద్ద సంచులతో జమియాలోంచి వస్తున్నారు. నేను కారణాలు వెతికి ఒక్కొక్కటే ఆమె ముందు పెట్టాను, ఏదో ఒకటి తీసుకుంటుందని.

“పాపకు బాగలేదా?”

“బాగానే ఉండాది.”

“మామా మళ్లీ ఏమన్నా అనిందా?”

“ఆయమ్మ పొమ్మనే అనింది గదా.”

“చలికి భయమా?”

“ఆ కోటేసుకుంటే చలేముంది.”

“మరి?”

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు, ఏడుపు లేదు. పెట్టె సర్దుతూ ఏది పడుతుందో ఏది పట్టదో చూసుకునే మనిషి ముఖం అది.

“గ్లౌజుల గురించి, టోపీల గురించి మాట్లాడుకోడం అయిపాయ గదబ్బా,” అంది. “ఆడికి పోయి నాలుగు దినాలు మనిద్దరం ఏం మాట్లాడుకుంటాం?”