లిస్టులో మూడో పేరు

గుణదలలో ఉండే మహమ్మద్‌కు ఆదివారమంటే రెండే పనులు. పొద్దున ఇంటికి కావలసినవి తేవడం, మధ్యాహ్నం క్యారమ్స్ ఆడటం. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. మిగతా ఆరు రోజులూ ఇనుముతో కుస్తీ పట్టే ఆ చేతులు స్ట్రైకర్ ముట్టుకోగానే ఎంత మెత్తబడతాయోనని భార్య మెహరాజ్ నవ్వుతుంది. కూతురు జుబియాకు ఎనిమిదో ఏట ఆ ఆట నేర్పింది ఆయనే. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల మీద ఒక్క బోర్డు గెలవడం ఆయనకు గగనమైపోయింది.

ఇప్పుడు జుబియాకు ముప్ఫై. భర్తకు పామర్రులో బట్టల కొట్టు. నెలకు రెండుసార్లయినా కూతురు సాలేహాను తీసుకుని పుట్టింటికి వస్తుంది. మొన్న ఫిబ్రవరిలో అలా వచ్చినప్పుడు, ఆదివారం పొద్దున్నే తండ్రి స్కూటర్ తీస్తుంటే తనూ చెప్పులేసుకుంది.

"నేనూ వస్తా నాన్నా. నువ్వు తెచ్చే వంకాయల్లో సగం పుచ్చులే అంటోంది అమ్మ."

పిండిమరలో గోధుమలు ఇచ్చారు. మెహరాజ్‌కు బీపీ మాత్రలు కొన్నారు. రైతుబజార్‌లో జుబియా వంకాయలు ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరుతుంటే, వెనకనుంచి ఎవరో పిలిచారు.

"అమ్మా, నువ్వు జుబియావి కదూ?"

తిరుపతిరావు. ఒకప్పుడు సత్యనారాయణపురంలో క్యారమ్స్ క్లబ్బు నడిపినాయన, జుబియాకు కోచ్. జుట్టంతా నెరిసిపోయింది. ఆయన్ని చూడగానే మహమ్మద్ గబగబా సంచీ అందుకుని కదలబోయాడు. 

"బాగున్నారా సార్?" అంది జుబియా సంబరంగా.

"బాగానే ఉన్నానమ్మా. నిన్ను చూస్తే అదే గుర్తొస్తుంది. అంత మంచి ఛాన్సు ఎందుకు వద్దన్నావమ్మా? స్టేట్ టీమ్ లిస్టులో నీ పేరు మూడోది. నేషనల్స్ ఆడటానికి జైపూర్ వెళ్ళుంటే ఎక్కడో ఉండేదానివి. నువ్వు రానంటున్నావని మీ నాన్నగారొచ్చి చెప్తే రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు."

జుబియా చేతిలో వంకాయ చేతిలోనే ఉంది. తండ్రివైపు చూసింది. ఆ చూపు ఒక్క క్షణమే.

"అప్పుడు పరీక్షలున్నాయి సార్," అంది మెల్లగా. "అందుకే."

పదమూడేళ్ళ కిందట జరిగింది వేరు. సంతకం చెయ్యమని తిరుపతిరావు ఇచ్చిన కాగితాన్ని మహమ్మద్ మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. ఆడపిల్లను రైల్లో అంత దూరం పంపడానికి మనసొప్పలేదు. వద్దని చెబితే ఏడుస్తుంది, అన్నం మానేస్తుంది. ఆ ఏడుపు చూడలేక, "లిస్టులో నీ పేరు రాలేదమ్మా" అనేశాడు. క్లబ్బుకెళ్ళి పిల్లే రానంటోందని చెప్పాడు. ఆ తర్వాత జుబియా క్లబ్బుకు వెళ్ళనే లేదు. ఇంట్లో సరదాకి ఆడేది, అంతే. పిల్ల మర్చిపోయిందిలే అనుకుని మహమ్మద్ ఊపిరి పీల్చుకున్నాడు.

తిరుగుదారిలో జుబియా పిండిమర దగ్గర దిగి సంచీ తెచ్చి, మళ్ళీ వెనక కూర్చుంది. ఆమె తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

ఇంటికొచ్చాక తల్లితో కబుర్లు చెబుతూనే వంట చేసింది. భోజనాలయ్యాక సాలేహా బోర్డు తీసి నేలమీద వేసింది. "అమ్మా, రా!" అంటే, "తాతతో ఆడు" అని జుబియా వరండాలోకి వెళ్ళిపోయింది. మహమ్మద్ పిల్లను కాసేపు ఒక్కదాన్నే ఆడుకోమని, వెనకాలే వెళ్ళాడు.

"భయపడ్డానమ్మా. అంత దూరం... ఎవరేమంటారోనని."

"వద్దని చెప్పాల్సింది నాన్నా."

"ఏడుస్తావని."

"ఏడ్చేదాన్ని. వారం రోజులు ఏడ్చేదాన్ని." ఆయన వైపు తిరిగింది. "నాకు ఆట చేతకాదనుకున్నా నాన్నా. ఇంట్లో నువ్వు కావాలని ఓడిపోయేవాడివేమో, నన్ను పొగిడిందంతా ఉత్తుత్తిదేనేమో అనుకున్నా. ఆ తర్వాత బ్యాంక్ పరీక్ష రాయమని ఫ్రెండ్స్ అంటే, నా వల్ల ఎక్కడవుతుందిలే అని అప్లికేషన్ కూడా పెట్టలేదు."

మహమ్మద్‌కు ఆ పరీక్ష సంగతే తెలియదు. తను ఆపింది ఒక్క ప్రయాణాన్నే అనుకున్నాడు ఇన్నేళ్ళూ.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

జుబియా తల ఊపింది. సరేనన్నట్టో, విన్నానన్నట్టో ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రం బస్టాండ్‌లో పామర్రు మీదుగా వెళ్ళే బందరు బస్సు ఎక్కించాడు. పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి జుబియా కిందికి వంగింది.

"సాలేహా గురించి ఎవరేం చెప్పినా, మంచైనా చెడైనా నాకు చెప్పు నాన్నా. దాచకు."

"చెప్తానమ్మా."

ఇంటికొచ్చి మెహరాజ్‌కు అంతా చెప్పాడు. ఆమె చేతిలో ఉన్న చాట పక్కన పెట్టేసింది. 

"నాతోనూ పేరు రాలేదనే చెప్పారు కదండీ మీరు. నేను మీ మాట నమ్మి దాన్ని ఓదార్చాను. 'నీకంటే బాగా ఆడేవాళ్ళు ఉంటారు కదే, ఊరుకో' అన్నాను. నా నోటితో నేనే అన్నాను."

 ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జుబియా ఇప్పుడూ ఫోన్ చేస్తుంది. అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అడుగుతుంది, సాలేహా మార్కులు చెబుతుంది. గుణదల మాత్రం మే నెల దాకా రాలేదు. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. కొట్లో పెళ్ళిళ్ళ సీజన్ గిరాకీ అని ఆమె చెప్పింది. నిజమే అయ్యుంటుందనుకున్నాడు.