తెల్లచీరల మధ్య ఎలీయాజరు

ఏలూరు డిపోలో కండక్టరు ఎలీయాజరుకు పొగరని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒక ఆదివారం డిపో మేనేజరు లుంగీ కట్టుకుని చేపల మార్కెట్లో ఎదురుపడితే, “కొంచెం జరగండి బాబూ” అని ఆయన్ని పక్కకు తప్పించి కొర్రమీను ధర అడిగాడు. సొంత బావమరిది యోసేపు కైకలూరు బస్సెక్కి మూడో సీట్లో కూర్చుంటే, “ఎక్కడికండీ?” అని అడిగి టికెట్టు కొట్టాడు. యోసేపు ఆరు నెలలు వాళ్లింటి గడప తొక్కలేదు.

నిజానికి ఎలీయాజరంత మెత్తని మనిషి ఆ డిపోలో ఇంకొకరు లేరు. తాగి ఎక్కినవాణ్ని కూడా “అండీ” అనే పిలుస్తాడు. కాకపోతే మనుషుల్ని గుర్తుపట్టడంలో కాస్త వెనకబడ్డానని ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నడక, గొంతు, జుట్టు, కట్టుబట్ట, ఎక్కిన స్టాపు, ఇవన్నీ కలుపుకుని ఈయన ఫలానా అని తేల్చుకోవాలి. లోకంలో అందరూ చేసేది ఇదేననీ, వాళ్లు చటుక్కున తేలుస్తారు, తను నెమ్మది అనీ ఆయన నమ్మకం. ఎక్కాలు సరిగా రాని పిల్లవాడిలా లోలోపల సిగ్గుపడి ఊరుకున్నాడు. ఎదుటివాడి బుర్రలోకి వెళ్లి చూసి రావడానికి ఏ కండక్టరూ టికెట్టు కొట్టలేడు మరి.

ఉద్యోగం మాత్రం ఆయన కోసమే పుట్టినట్టు కుదిరింది. ఒకే మనిషిని రెండుసార్లు “ఎక్కడికండీ?” అని అడిగితే బజార్లో మతిమరుపు అంటారు గానీ, బస్సులో డ్యూటీ అంటారు. కొల్లేరు మీదుగా కైకలూరు వెళ్లే బస్సులో ఏ సీటు ఎక్కడ దిగాలో ఆయనకు నోటికి వచ్చు. పదకొండో సీటు లేచి పన్నెండులో కూర్చుంటే మాత్రం కంగారు పడతాడు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆధార్ కార్డులు చూడాల్సి వచ్చింది. కార్డును ఒకసారి, ఎదురుగా ఉన్నావిడను ఒకసారి శ్రద్ధగా చూసి, తల పంకించి, జీరో టికెట్టు ఇచ్చేవాడు. ఆ చూడటం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని ఎవరికీ తెలియదు.

భార్య ప్రసన్నకుమారి కొల్లేరు లంక ఊరి మనిషి. ఏలూరులో అంగన్‌వాడీ టీచరు. ముప్ఫైమంది పిల్లల గోలను దాటి వినిపించే గొంతు ఆవిడది. పుట్టిన ఊళ్లో నీటి పాములూ తేళ్లూ చెప్పుల్లో చేరేవట. అందుకని ఇప్పటికీ ఆవిడ బొటనవేలితో చెప్పును బోర్లించి, నేలకు రెండుసార్లు తట్టి, మళ్లీ తిప్పిగానీ కాలు పెట్టదు. సిమెంటు రోడ్ల ఏలూరులో తేళ్లెక్కడివని ఎలీయాజరు విసుక్కోవడం, ఆవిడ తట్టడం, ఇరవై ఎనిమిదేళ్లుగా రెండూ ఆగలేదు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి పాత బస్టాండులో ఆయన తన పక్కనుంచే వెళ్లిపోతే ప్రసన్న బిత్తరపోయింది. పరధ్యానం కాబోలు అనుకుంది. అప్పటి నుంచి జనంలో ఆయన కనిపిస్తే చాలు, దూరం నుంచే “ఏవండీ!” అని కేక వేయడం అలవాటు చేసుకుంది. ఎలీయాజరు ఆ కేక వచ్చిన వైపు తిరిగి, నవ్వుతూ వచ్చేవాడు. ఇలా ఇరవై ఎనిమిదేళ్లు సంసారం సాఫీగా నడిచింది.

ఈ జనవరిలో ప్రసన్న గొంతులో గడ్డ ఉందని తేలింది. ఏలూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. ఆరు మంచాల ఆడవాళ్ల వార్డు. అందరికీ అదే ఆకుపచ్చ గౌను, అవే రెండు జడలు, సగంమందికి మెడకు అదే కట్టు.

మూడో రోజు మధ్యాహ్నం ఎలీయాజరు జావ తేవడానికి ఇంటికి వెళ్లాడు. ఈలోగా ఏసీ నీళ్లు కారుతున్నాయని నర్సు ప్రసన్నను కిటికీ దగ్గర నుంచి తలుపు దగ్గరి మంచానికి మార్చింది. నీళ్లు కారడం ఆగాక కిటికీ దగ్గర మంచం తుడిచి, మాణిక్యం అనే ఇంకొకావిడను పడుకోబెట్టింది. ఎలీయాజరు తలుపు దగ్గర ఉన్న భార్యను దాటుకుని, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, జావ గిన్నె కింద పెట్టి, నిద్రపోతున్న మాణిక్యం నుదుటి మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు.

“ప్రభువా, నీ బిడ్డ ప్రసన్నకుమారిని ముట్టి స్వస్థపరచు తండ్రీ” అని పైకే ప్రార్థన మొదలుపెట్టాడు.

మాణిక్యం ఉలిక్కిపడి లేచింది. ఆవిడకూ గొంతు ఆపరేషనే, అరవడానికి లేదు. పళ్లు పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన ఆవిడ భర్త వీరేంద్ర ఊరుకుంటాడా! “ఎవరండీ మీరు? మా ఆవిడ మీద చెయ్యేవిటండీ?” అని వార్డు ఎగిరిపోయేలా కేకలేశాడు. ఎలీయాజరుకు చెమటలు పట్టాయి. “తప్పయిపోయిందండీ, మా ఆవిడనుకున్నానండీ” అంటూ చేతులు జోడించాడు.

తలుపు దగ్గర మంచం మీద ప్రసన్న స్టీలు గ్లాసుతో మంచం కోడును టంగుటంగుమని కొడుతోంది. ఎలీయాజరు తిరిగి ఆవిడ వైపు చూశాడు. సరిగ్గా ఆవిడ కళ్లలోకే చూశాడు.

“ఒక్క నిమిషం అమ్మా, నర్సును పిలుస్తానుండండి” అన్నాడు.

గ్లాసు ఆగిపోయింది.

ప్రసన్న ఇంటికి వచ్చింది. పది రోజుల గడువూ దాటింది. డాక్టరు ఇక మెల్లగా మాట్లాడవచ్చన్నాడు. ఆవిడ మాట్లాడలేదు. ఏమైనా చెప్పాలంటే అంగన్‌వాడీ పలక మీద రాసి చూపించేది. “బియ్యం అయిపోయాయి.” “పాలవాడు రాలేదు.” ఒకరోజు అన్నం వడ్డించి, కంచం పక్కన పలక పెట్టింది. “నన్ను చూశారు. చూసి అమ్మా అన్నారు” అని ఉంది. ఎలీయాజరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. కళ్లే పోతున్నాయేమోనని కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నారు.

తాడేపల్లిగూడెంలో నర్సుగా పనిచేస్తున్న కూతురు పెర్సిస్ ఈ సంగతి విని, సెలవు పెట్టుకుని వచ్చింది.

“నాన్నగారూ, చిన్నప్పుడు స్కూలు వదిలాక మీరు గేటు దగ్గర కదలకుండా నిలబడేవారు, నేనే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునేదాన్ని. ఒక్కసారైనా నా కోసం ఎదురొచ్చేరా?” అని అడిగింది.

“అందరికీ ఒకే యూనిఫాం కదమ్మా” అన్నాడు ఎలీయాజరు.

“మిగతా నాన్నలందరూ వచ్చేవారండీ.”

ఆయన మొహంలో మొదటిసారి భయం కనిపించింది. మర్నాడే పెర్సిస్ ఇద్దరినీ మెదడు డాక్టరు ఇందుజ దగ్గరికి తీసుకెళ్లింది. ప్రసన్న ఎందుకు వచ్చిందంటే, ఆవిడకు ఒకటే తేలాలి. ఈయనకు రోగమైనా ఉండాలి, లేదా ఇన్నేళ్లూ తన మీద మనసైనా లేకపోయి ఉండాలి.

ఇందుజ చిన్నవయసు డాక్టరు, తొందరలేని మనిషి. జుట్టూ బట్టలూ కనిపించకుండా మొహాలు మాత్రమే ఉన్న ఫొటోలు చూపించింది. రోజూ పేపర్లో వచ్చే నాయకుల్లో ఒక్కరి పేరు కూడా ఎలీయాజరు చెప్పలేకపోయాడు. ఈయన నవ్వుతున్నారు, ఈవిడకు కోపంగా ఉంది, ఈయనకు ముక్కు పొడుగు అని మాత్రం తడుముకోకుండా చెప్పాడు. చివర్లో పెర్సిస్ తన ఫోన్లోంచి ఇచ్చిన ఫొటో ఒకటి పెట్టింది. “ఎవరో పెద్దాయనండీ, యాభై పైబడి ఉంటాయి” అన్నాడు. అది ఆయన ఫొటోనే.

“మరి అద్దంలో మీరని ఎలా తెలుస్తుందండీ?” అంది డాక్టరు.

“అద్దం ముందు నిలబడింది నేనే కదండీ. ఇంకెవరుంటారు!”

ఇందుజ నవ్వాపుకుని, కాగితం మీద మెదడు బొమ్మ గీసింది. వెనకవైపు, అడుగున, ఎక్కువగా కుడిపక్కన చిన్న చోటు చూపించింది. కళ్లు పంపినదంతా మెదడు ఒకేచోట చూడదనీ, అక్షరాలకొక చోటు, దారులకొక చోటు ఉన్నట్టే మొహాలకూ ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుందనీ చెప్పింది. ముక్కూ కళ్లూ నోరూ కలిపి ఇది ఫలానా మనిషి అని చెప్పేది అదేనట. “మీకు పుట్టుకతోనే ఆ చోటు సరిగా పనిచెయ్యట్లేదండీ. తెలివికీ జ్ఞాపకానికీ ఏ లోటూ లేదు. ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు. అందరూ తమలాగే చూస్తారనుకుని, తెలియకుండానే బతికేస్తారు. దీనికి మందు లేదు” అంది.

తరువాత ప్రసన్న వైపు తిరిగింది. “అమ్మా, మీది కొల్లేరు కదా. ఆటపాకలో గూడబాతులు చూసే ఉంటారు. నిన్న చెట్టు మీద చూసిన గూడబాతును ఇవాళ వందలో పోల్చుకోగలరా? ముక్కు కనిపిస్తుంది, రెక్కలు కనిపిస్తాయి. అది ఏదో మాత్రం తెలియదు. ఈయనకు మనుషులందరూ అంతేనమ్మా.”

ప్రసన్న భర్త వైపు తిరిగి చూసింది. ఆవిడకు జాలి కలిగింది, కోపమూ పోలేదు. సంచిలోంచి పలక తీసి రాసింది. “పెళ్లిలో కూడానా?”

“పెళ్లిలో నువ్వు పక్కనే కూర్చున్నావు కదా ప్రసన్నా” అన్నాడు ఎలీయాజరు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

ఆవిడ చెరిపి మళ్లీ రాసింది. “నా గొంతు పోతే నేను పోయినట్టేనా?”

ఎలీయాజరు పలకను రెండుసార్లు చదివాడు. కాదని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది గానీ, వార్డులో జరిగింది ఇద్దరికీ గుర్తుంది. ఇరవై ఎనిమిదేళ్లూ దూరం నుంచి వినిపించిన ఆ “ఏవండీ” లేకపోతే తను ఏమయ్యేవాడో ఆయనకు ఆ కుర్చీలోనే మొదటిసారి తెలిసింది.

నెల తిరిగేసరికి ప్రసన్న మాట్లాడసాగింది. గొంతు మాత్రం పాతది కాదు. బొంగురుగా, లోగొంతుకలో, పక్కగదికి కూడా చేరనట్టు వచ్చేది. అంగన్‌వాడీ పిల్లల్ని ఇప్పుడు గంట కొట్టి పిలుస్తోంది. ఇంట్లో ఇద్దరూ మర్యాదగా ఉన్నారు. మరీ మర్యాదగా ఉన్నారు, అదే బాగాలేదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు వాళ్ల చర్చిలో ఆడవాళ్లందరూ తెల్లచీరే కడతారు, ముసుగు వేసుకుంటారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మూడు గంటలసేపు ఆరాధన. ఏటా అయ్యాక మెట్ల మీద నిలబడి ప్రసన్న కేక వేసేది. ఈసారి బయలుదేరేముందు గుమ్మంలో ఆగింది.

“ఇవాళ నేను పిలవను. మీరే రండి” అంది బొంగురుగా.

ఆరాధన నడుస్తున్నంతసేపూ ఎలీయాజరు ప్రసంగంలో ఒక్క ముక్క వినలేదు. దేవుడు క్షమించాలి. పక్క వరసల్లో మూడు వందల తెల్లచీరలు, మూడు వందల ముసుగులు. నడక చూసి పోల్చుకుందామంటే తోపులాటలో నడకేం తెలుస్తుంది! చివరి పాట అవుతుండగానే బయటికి వచ్చి, వరండా కింద చెప్పుల గుట్టలో వెతికాడు. గోధుమరంగు జత, ఎడమదాని పట్టీకి నల్లదారంతో కుట్టు. అది దొరకగానే దాని పక్కన నిలబడ్డాడు. ఎంత జనమైనా, ఎవరి చెప్పుల దగ్గరికి వాళ్లు రాక తప్పదు.

జనం దిగారు. తెల్లచీరలు రెండుపక్కలా పారుతున్నాయి. కాసేపటికి ఒకావిడ వచ్చింది. ప్రసన్నంత ఎత్తు, ప్రసన్నలాగే నిండైన మనిషి. ఆయన వైపు చూసి చిన్నగా నవ్వి, గోధుమరంగు చెప్పుల్లో తిన్నగా కాళ్లు పెట్టేసింది.

ఎలీయాజరు నోటిదాకా వచ్చిన పిలుపు ఆగిపోయింది. ఆవిడ కాళ్ల వైపు చూశాడు.

“ఏవండీ, ఏమీ అనుకోకండి. ఆ చెప్పులు మా ఆవిడవండీ.”

“నేనే మీ ఆవిడను కాదని ఎలా చెప్పగలరండీ?” అందావిడ లోగొంతుకతో.

“మీరు తట్టలేదండీ. మా ప్రసన్న ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా తట్టకుండా కాలు పెట్టలేదండీ.”

ఆవిడ పకపకా నవ్వేసింది. ప్రసన్నతో పాటు అంగన్‌వాడీలో పనిచేసే రూబీ. “నన్ను పంపింది మీ ఆవిడేనండీ. ఆయన కచ్చితంగా చెప్పుల దగ్గరే ఉంటారు, వెళ్లి తొడుక్కో అంది” అని చెప్పి, చెప్పులు విప్పి, తన జత వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఎలీయాజరు కదల్లేదు. ఎండకు బండలు కాలుతున్నాయి. స్తంభం చాటునుంచి ఇంకో తెల్లచీర ఒట్టి కాళ్లతో గబగబా వచ్చి ఆయన ముందు ఆగింది. ఎవరో ఆయనకు తెలియలేదు. కళ్లు తడిగా ఉన్నాయని మాత్రం కనిపించింది. కుడికాలి బొటనవేలు ఎడమ చెప్పును బోర్లించింది. నేలకు ఒకసారి తట్టింది, రెండోసారి తట్టింది.

“ప్రసన్నా, పద, ఎండ మండిపోతోంది” అన్నాడు ఎలీయాజరు.

జనంలో ఆయన ముందుగా పిలవడం అదే మొదటిసారి. ప్రసన్న రెండో చెప్పు కూడా తట్టి తొడుక్కుని, ఆయన చెయ్యి పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.