ఇస్మే లెజామా సీసా దివిటీలు

మా ఊళ్ళో ఎవరింట్లో సీసా ఖాళీ అయినా అది ఇస్మే లెజామా ఇంటికే చేరేది. రమ్ము సీసా, దగ్గుమందు సీసా, చిరిగిన చొక్కా, పాలడబ్బా, ఏదీ వద్దనేది కాదు. పాతగుడ్డను బిగించి పేని, కిరసనాయిలు పోసిన సీసా మూతిలో దూర్చేది. రెండు వైపులా కోసేసిన పాలడబ్బాను మంట చుట్టూ గాలికి అడ్డుగా తొడిగేది. ట్రినిడాడ్ ఉత్తర తీరంలో అలాంటి దివిటీలు అందరూ చేస్తారు. ఇస్మే చేసిన వత్తి మాత్రం గట్టిగా లాగినా ఊడొచ్చేది కాదు.

కరెంటు వచ్చాక వాటి అవసరం తగ్గింది. సమాధుల పండుగకు తప్ప ఎవరూ అడిగేవారు కాదు. అయినా ఆమె చెయ్యడం మానలేదు.

"అత్తా, మెట్ల కింద కాలు పెట్టే చోటు లేదు. ఇది ఇల్లా, పాతసామాన్ల కొట్టా అంటున్నారు" అని కోడలు వెర్లిన్ సణిగేది.

పడవల కత్‌బర్ట్ అయితే దారినపోతూ ఊరుకునేవాడు కాదు. పెద్దామెను పిన్నీ అన్నట్టు మా ఊళ్ళో టాంటీ అంటారు. "టాంటీ, ఇన్ని సీసాలూ నువ్వొక్కదానివే తాగావా?"

"ఖాళీ చేసేది నువ్వు నాయనా. నింపేది నేను."

ఒక వానాకాలం మధ్యాహ్నం గాలివాన వచ్చి, బాదంచెట్టు తీగల మీద పడి ఊరంతా కరెంటు పోయింది. రేవు దీపం కూడా ఆరిపోయింది. వంజరం వేటకు వెళ్ళిన పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. రెండు బండల మధ్య ఇరుకు సందులోంచి తప్ప ఒడ్డుకు దారి లేదు. చీకటి పడుతోంది. ఇస్మే కొడుకు ఆల్బన్ కూడా ఆ పడవల్లోనే ఉన్నాడు. ఆడవాళ్ళమంతా ఒడ్డున నిలబడి ఏడుస్తున్నాం.

"మీరేడిస్తే బండలు పక్కకు జరుగుతాయా? పదండి, సీసాలు మొయ్యండి" అంది ఇస్మే.

చేపల బుట్టల్లో మోసుకొచ్చాం. సందుకు ఎదురుగా ఇసుకలో కొన్ని సీసాలు, వాటి వెనక గుట్ట మీద ఇంకొన్ని పెట్టించి వెలిగించింది. కరెంటు రాకముందు ఊళ్ళో అలాగే వెలిగించేవారు. కింది మంట మీద పైమంట నిలువుగా కనబడితే పడవ సరైన దారిలో ఉన్నట్టు.

మళ్ళీ జల్లు కొట్టి కొన్ని ఆరిపోయాయి. వత్తులు తడిసి ముద్దయ్యాయి. వెర్లిన్ ఇంట్లోకి పరిగెత్తి, తన కొత్త లంగా తెచ్చి చింపింది. పేనడం చేతకాక గుడ్డ మళ్ళీ మళ్ళీ విడిపోతోంది.

"బిగించు. ఇంకా బిగించు. ఆ, ఇప్పుడు ఇలా ఇవ్వు" అంది ఇస్మే.

ముందు ఇంజను చప్పుడు వినిపించింది. కత్‌బర్ట్ పడవ సందులోంచి తిన్నగా దూసుకొచ్చింది. వెనకే ఆల్బన్ పడవ, తర్వాత మిగిలినవన్నీ. ఒక్క పడవకు గీత కూడా పడలేదు. వెర్లిన్ మొగుణ్ణి వాటేసుకుని ఎంతకీ వదల్లేదు.

కత్‌బర్ట్ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి టోపీ తీశాడు.

"టాంటీ, ఊరెటుందో తెలీక తిరుగుతున్నాం. నీ మంటలు చూసే మళ్ళుకున్నాం."

"చేప పడిందా?"

"పడింది."

"పెద్దది నాకు. తల తియ్యకుండా ఇవ్వు."

ఆ ఆదివారం ఇస్మే ఉతికి గంజిపెట్టిన తెల్లగౌను వేసుకుని రోడ్డు నడిమధ్యన చర్చికి నడిచింది. మేమంతా ఆమె వెనకే నడిచాం. ఇస్మే మా ఊరి మనిషని చెప్పుకోవడానికి ఆ రోజు నాకెంత గర్వమేసిందో. వెర్లిన్ అత్త చెయ్యి పట్టుకుని, ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది: "వత్తులు కొన్ని నేనూ పేనాను."