ఎత్తుకోవద్దన్న మూడు నెలలు

కవలలు పుట్టి ఏడాదైనా ఆ టైలరమ్మ పొట్ట తగ్గలేదు. "మళ్ళీ ఎన్నో నెల వదినా?" అని ఆడపడుచు నవ్వుతూ అడిగింది. ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి పిల్లలు నిద్రపోగానే కుట్టుమిషన్ పక్కన దుప్పటి పరుచుకుని, ఫోన్లో చూస్తూ పడుకుని లేచే కసరత్తు మొదలుపెట్టింది. రోజుకు నూరుసార్లు చేసేది. బొడ్డు దగ్గర నొప్పిని పళ్ళబిగువున భరించింది. రెండు నెలలకు అక్కడ నిమ్మకాయంత ఉబ్బు తేలింది.

"కాన్పుకే పొట్ట కండరాలు విడిపోయాయమ్మా. ఈ కసరత్తుతో ఇంకా విడదీసుకున్నావు. పేగు బయటికొస్తోంది," అంది డాక్టరమ్మ.

"నాకెవరూ చెప్పలేదండీ," అందామె.

ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు బరువెత్తకూడదన్నారు. ఇంటికి రాగానే పిల్లలిద్దరూ చేతులు చాచి కాళ్ళకు చుట్టుకున్నారు. ఆమె గోడకానుకుని నిలబడిపోయింది. వారం తిరిగేసరికి ఏడుపొస్తే వాళ్ళు నాన్న దగ్గరికే పోసాగారు.