చివరి నాలుగు కాగితాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో డిటెక్టివ్ నవల కంటపడితే నాన్నగారు దాన్ని చీపురుతో వీధిలోకి తోయించేవారు. ఆయనది నాతవరంలో గుమాస్తా ఉద్యోగం. రోజూ నర్సీపట్నం నుంచి బస్సులో వెళ్ళివచ్చేవారు. హత్యల పుస్తకాలు చదివినవాళ్ళ బుర్ర పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం. నన్ను అయిదో తరగతి తరవాత బడికి పంపలేదు గానీ, ఆ పుస్తకాల రుచి మాత్రం పక్కింటి అక్క ముందే చూపించేసింది.

బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అక్క అక్కణ్ణుంచి నవల తెచ్చి, మధ్యాహ్నం మగవాళ్ళు పనుల్లోకి పోయాక మా అరుగు మీద కూర్చుని పైకి చదివేది. మా అమ్మా, వీధిలో మరో ఇద్దరు ఆడవాళ్ళూ చింతపండులో పిక్కలు తీస్తూ వినేవారు. చేతులు ఊరికే పెట్టుకుని కథ వినడానికి మా అమ్మ ఒప్పుకొనేది కాదు. ఉడికించిన వేరుశనగకాయలు అమ్మే ముసలమ్మ కూడా బుట్ట దించుకుని కిటికీ పక్కన చేరేది. చదువయ్యాక పుస్తకాన్ని మా కిటికీ గూట్లో పెట్టి, నాన్నగారికి కనబడకుండా పైన చేట బోర్లించేవాళ్ళం.

ఒక వేసవిలో రైసు మిల్లు యజమానికి ఎవరో విషం పెట్టి చంపిన కథ నడిచింది. హంతకుడు బయటపడే రోజున అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. అక్క పుస్తకం తెరిచి చూస్తే చివరి నాలుగు కాగితాలు లేవు.

దొంగని పట్టడానికి నాకు క్షణం పట్టలేదు. కిటికీకి దగ్గరగా కూర్చునేది ముసలమ్మ. ఆవిడ బుట్టలో పొట్లాలు కట్టడానికి అచ్చుకాగితాలు ఉన్నాయి. ఇంకేం కావాలి? వేలు చూపించి గట్టిగా అరిచాను.

"ఆ కాయితాలు నానేటి సేసుకుంతానమ్మా? నాకు సదువొచ్చేటి?" అంది ముసలమ్మ.

"పొట్లం కట్టడానికి సదువెందుకే?" అంది ఎదురింటావిడ. అందరూ నవ్వారు. ఇక మా వీధిలో అడుగు పెట్టొద్దని మా అమ్మ ముసలమ్మకి చెప్పేసింది. ఆవిడ బుట్ట సగం ఖాళీ అయ్యేది మా వీధిలోనే. బుట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

అక్క మాత్రం నవ్వలేదు. ఆ గూటి దగ్గరికి ఇంకెవరు వెళ్ళగలరో చెప్పమని నన్ను అడిగింది. ఆ ప్రశ్నతో నాకు నిద్ర పట్టకుండా పోయింది. రెండు రోజులు అందరి వెనకా తిరిగాను. అమ్మ పొయ్యి రాజేసిన కాగితం చూశాను. ఎదురింటావిడ పరుపు ఎత్తి చూసి చీవాట్లు తిన్నాను. నాన్నగారి పేరు మాత్రం నా తలలోకి రానేలేదు. ఆయనకి నవలంటేనే అసహ్యం కదా!

ఆదివారం నాన్నగారు గుమ్మం లోపల పేపరు చదువుకుంటున్నారు. అక్క కావాలనే అప్పుడు వచ్చి అందరినీ కూర్చోబెట్టింది. కొట్టాయన్ని అడిగి కథ ముగింపు తెలుసుకున్నానంది. హంతకుడు వంటవాడేననీ, పాయసంలో విషం కలిపాడనీ సాగదీసి సాగదీసి చెప్పింది. ఆడవాళ్ళు అవునా అవునా అంటూ విన్నారు.

లోపల పేపరు దిగింది. "కాదమ్మా! వంటవాడికేం పని? కాంపౌండరు కదూ! పాయసం కాదు, దగ్గుమందులో కలిపాడు!"

"మీకెలా తెలుసండీ?" అంది మా అమ్మ నెమ్మదిగా.

నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి వెళ్ళి ఆఫీసు సంచీలోంచి నాలుగు కాగితాలు తెచ్చి అరుగు మీద పెట్టారు. అందరూ పడుకున్నాక ఆయనా ఆ నవల చదువుతున్నారట. చివరి కాగితాల కుట్టు ఊడి ఉంటే బస్సులో చదువుకుందామని తీసుకెళ్ళారట. సాయంత్రం తెచ్చి పెట్టేయాలనుకున్నారట. ఇంటికొచ్చేసరికి రభస అయిపోయింది, ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

కాగితాలు తీసిన మనిషికి ముగింపు తెలిసే ఉంటుందనీ, తప్పుగా చెబితే ఊరుకోలేడనీ అక్క వేసిన ఎత్తు అది. ఆమె నాన్నగారిని ఒక్క మాటా అనలేదు. నా వైపు తిరిగి, "బేగి వెళ్ళి ఆవిడికి నువ్వే సెప్పి రా," అంది.

ముసలమ్మ బస్టాండులో కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని, బుట్టలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు సదూకున్న పిల్లవి గదా పాపా. దొంగనని అరిసేముందు దీని మీద ఏటున్నాదో సదవనేకపోయావేటి?"

చదివాను. పాత లెక్కల పుస్తకంలోని ఎక్కాల కాగితం. మర్నాడు ఆవిడ మా వీధికి వచ్చింది. కానీ బుట్ట అక్క వాళ్ళ అరుగు మీద దించింది. మళ్ళీ ఎన్నడూ మా అరుగు ఎక్కలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో థ్రిల్లర్లు చదువుతూ, ఏది మంచిదో చెప్పమంటుంది. మొదటి పేజీ నుంచీ నువ్వు దొంగనుకున్న మనిషి ఎదుట చివర్లో నీ తల వంగిపోతే, అది చదవదగ్గ పుస్తకం అంటాను. మిగతావన్నీ కళ్ళకి చేటే.

నాకు అనుమానం జాస్తి అని ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం కాదు. ఇప్పటికీ ఏ వస్తువు కనబడకపోయినా ముందు ఎవరో బయటివాళ్ళ మొహమే మెదులుతుంది. ఆ పేరు పళ్ళ మధ్యే పట్టి ఉంచి, ముందు మా గదులన్నీ వెతుకుతాను, మావాళ్ళందరినీ నిలబెట్టి అడుగుతాను. ఆ తరవాతే గడప దాటాలని నియమం పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో గడప దాటే పని ఒక్కసారీ పడలేదు.